ఆయన చెప్పని సగం దారి

ముందే క్షమించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు ఒక్కోసారి కిందికి దిగనని మొరాయిస్తాయి. దీర్ఘాలు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట చెయ్యి చాచుకుని కూర్చుంటాయి. మా చెల్లెలి కూతురు చాలావరకు దిద్దింది. మిగిలినవి మీరే దిద్దుకుని చదవండి. పంపడం ఆలస్యమైందని కూడా తెలుసు. నేను రాసేది ఫోనులో, ఒక్క వేలితో. ఆ వేలికీ నాతోపాటే వయసొచ్చింది.

మా ఆయన బస్సు డ్రైవరు. దూరం వెళ్లే సర్వీసులు నడిపేవారు. డిపోలో అందరూ ఆయన్ని రేడియో అని పిలిచేవారు. అలాగని బస్సు నడుపుతూ మాట్లాడే మనిషి కాదు. స్టీరింగు పట్టుకున్నాక నోరు కట్టేసుకునేవారట. ఆ మాటలన్నీ మూటగట్టుకుని ఇంటికి తెచ్చేవారు. కాళ్లు కడుక్కుని, వంటింటి గుమ్మంలో గోడకి వీపు ఆనించి కూర్చుని, బస్సు వెళ్లి ఆగే చివరి ఊరి డిపో గేటు దగ్గర మొదలుపెట్టేవారు. గేటు దాటగానే ఎడమ పక్కన టైర్లు గోపురంలా పేర్చిన కొట్టు. ఆ తర్వాత ఇటుకబట్టీల పొగ. తర్వాత కొండ దిగే మలుపు, దానికి ఆయన పెట్టిన పేరు నడుంనొప్పి మలుపు. ఆ తర్వాత వంతెన, నీళ్ల పంపు, టీ కొట్టు. ఇలా ఒక్కొక్కటే చెప్పుకుంటూ మా వీధి మొగదాకా వచ్చేవారు. "ఇదిగో, మెట్లెక్కాను, నువ్వు తలుపు తీశావు" అనేదాకా ఆ దారి ఆగేది కాదు.

మంచాన పడ్డ మా అత్తగారు కూడా పక్క గదిలోంచి వినేది. "వంతెన వచ్చిందా రా?" అని మధ్యలో కేకేసేది. వచ్చిందంటే అటు తిరిగి నిద్రపోయేది.

"వంతెన దాటితే సగం ఇంటికి చేరినట్టే" అని ఆయన రోజూ అనే మాట.

ఆ దారుల్లో ఒక్కటీ నేను చూడలేదు. అత్తగారిని వదిలి ఎక్కడికి వెళ్తాను? ఆవిడ పోయాక వెళ్దామనుకుంటే, బస్సెక్కితే కడుపులో తిప్పే జబ్బు నాది. "డ్రైవరు పెళ్లానికి డీజిలు వాసన పడదట, ఎవరికైనా చెబితే నవ్వుతారే" అని ఏడిపించేవారు. "ఒకరోజు నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్తా. నీ కడుపులో చుక్క కూడా కదలకుండా నడుపుతా, చూడు" అనేవారు. ఆ ఒకరోజు రాలేదు. ఎప్పటిలాగే ఒక తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లి, ఆ చివరి ఊరి డిపోలో, డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే గదిలో పడుకుని మళ్లీ లేవలేదు. ఆయన్ని ఆ దారినే వ్యానులో తెచ్చారు. ఆ రాక ఎలా జరిగిందో నాకు చెప్పేవాళ్లు లేకపోయారు.

మాకు పిల్లల్లేరు. కొన్నాళ్లకి మా చెల్లెలు తన కూతుర్ని నా దగ్గరికి పంపింది. నాకు తోడుగా పంపానని చెల్లెలు అంటుంది. ఇంట్లో అమ్మ సణుగుడు పడలేక వచ్చానని పిల్ల అంటుంది. సన్నగా ఉండి, కుదురుగా ఒకచోట కూర్చోదని చిన్నప్పటినుంచీ దాన్ని పిచ్చుక అనే పిలుస్తాం. కంప్యూటరు ముందు మాత్రం కదలకుండా కూర్చునేది. పొద్దస్తమానం టకటకా కొట్టేది.

"ఏం రాస్తావే అంతసేపు?" అని ఒకరోజు అడిగాను.

"మిక్సీల గురించి పెద్దమ్మా."

"వంటింట్లో కాలు పెట్టవు, మిక్సీ గురించి నువ్వు రాస్తావా?"

"రాయడానికి కాలు పెట్టక్కర్లేదు. వాళ్లు కొలతలు పంపుతారు, నేను మాటలు పంపుతాను. మాటకింత అని ఇస్తారు."

మాటకి డబ్బులిచ్చే లోకం ఉందని నాకప్పుడే తెలిసింది. మా ఆయన బతికుంటే మేడలు కట్టేవాళ్లం అనుకున్నాను.

అది ఏం రాస్తుందో చదవాలనిపించింది. అక్షరాలు నేర్పమని అడిగాను. నవ్వుతుందేమో అనుకున్నా, నవ్వలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కంప్యూటరు తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు వేసి చూపించేది. నేను ఫోనులో వెతికి వెతికి వాటినే నొక్కేదాన్ని. మొదట్లో ఒక్క మాట కొట్టేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. ఎవరూ సాయం చెయ్యకుండా నేను చదివిన మొదటి వాక్యం ఇది: "ఈ మిక్సీ మీ జీవితాన్నే మార్చేస్తుంది."

"నా చేతిలో మూడు మిక్సీలు కాలిపోయాయి. ఒక్కటీ నా జీవితాన్ని మార్చలేదే" అన్నాను.

పిచ్చుక నవ్వి నవ్వి, తర్వాత కంప్యూటరు మూసేసింది. "నాకూ ఇది రాయాలని లేదు పెద్దమ్మా" అంది. "కింద పేరుండదు. ఎవరు చదువుతున్నారో తెలీదు. పొద్దున రాసింది సాయంత్రానికి నాకే గుర్తుండదు. నావి అనిపించే నాలుగు మాటలు రాసి, వాటికి డబ్బు కూడా తీసుకోవాలని ఉంది. అలాంటిది దొరకాలి కదా."

అప్పటినుంచి మధ్యాహ్నాలు మా పని అదే. ఇంటర్నెట్టులో రాతపనులు వెతకడం. బియ్యంలో రాళ్లు ఏరడమే అది, కాకపోతే ఇక్కడ రాళ్లే ఎక్కువ. ఒకడు పని ఇస్తాను, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటాడు. "డబ్బిస్తానన్నవాడు డబ్బడుగుతున్నాడంటే వాడి దగ్గర లేదన్నమాట, మూసెయ్యి" అన్నాను. ఇంకొకడు నమూనా రాసి పంపమన్నాడు. పిల్ల రాత్రి భోజనం మానేసి రాసి పంపింది. మనిషి మాయం. కొన్నాళ్లకి అదే నమూనా వాడి సైటులో దర్జాగా కూర్చుని కనిపించింది. మరొకచోట పని బాగానే ఉంది గానీ, బస చెయ్యని హోటళ్లని పొగడాలి. "ఆ హోటల్లో నల్లులున్నా నీకు తెలీదు కదే" అంటే, "తెలీకపోవడమే అర్హత పెద్దమ్మా" అంది. కొన్ని మంచివీ దొరికాయి. చెప్పిన రోజుకి చెప్పినంతా ఇచ్చేవాళ్లు, ఏది ఎందుకు నచ్చలేదో మర్యాదగా రాసేవాళ్లు ఉన్నారు. వాళ్లని పిచ్చుక ఒక పక్కన గుర్తు పెట్టుకుంది.

అలా ఏరుతుంటే ఒక ప్రయాణాల పత్రిక కనపడింది. కాగితం మీద వచ్చేది కాదు, ఇంటర్నెట్టులోనే. పిచ్చుక పైకి చదివింది: "మీకు బాగా తెలిసిన ఒక దారి గురించి రాయండి. మీ మాటల్లో, మీ పేరుతో. వేసుకున్నవాటికి తప్పకుండా డబ్బు ఇస్తాం."

"నాకు తెలుసు" అన్నాను.

"నీకేం దారి తెలుసు? పాలబూత్‌కా?"

నేను గోడకి వీపు ఆనించి, ఆ చివరి ఊరి డిపో గేటు దగ్గర మొదలుపెట్టాను. టైర్ల గోపురం, ఇటుకబట్టీలు, నడుంనొప్పి మలుపు. వంతెన దగ్గరికి వచ్చేసరికి పిల్ల చేతిలో బిస్కెట్టు చేతిలోనే ఉండిపోయింది.

"పెదనాన్న మాటల్లా ఉన్నాయి" అంది మెల్లగా.

"ఆయన మాటలే."

"రాయి పెద్దమ్మా."

ఫోనుకి చెబితే అదే రాసేస్తుందని నేర్పబోయింది. ఒకసారి చెప్పి చూశాను. "నడుంనొప్పి మలుపు" అంటే అది నడుంనొప్పికి పూసే మందు ఎక్కడ దొరుకుతుందో చూపించింది. వద్దులే, వేలితోనే రాస్తానన్నాను.

ఆ రోజులు ఎలా గడిచాయో మీకు చెప్పాలని ఉంది, మాటలే చాలవు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాస్తుంటే ఆయన కూడా అంతే మెల్లగా వస్తుండేవారు. పొద్దున్నే గేటు దాటితే మధ్యాహ్నానికి ఇటుకబట్టీల దగ్గర ఉండేవారు. కూరగాయలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ, ఇప్పుడు కొండ దిగుతున్నారు, ఇప్పుడు వంతెన మీద ఉన్నారు అనుకునేదాన్ని. తొందర లేదు. ఎన్నేళ్లు ఆయన కోసం ఎదురుచూడలేదు! రాసేది పూర్తయ్యి ఆయన మెట్లెక్కిన రోజు తెలియకుండానే లేచి తలుపు దాకా వెళ్లాను. గడియ మీద చెయ్యి వేశాక గుర్తొచ్చింది.

పిచ్చుక చదివి, "పెద్దమ్మా, ఇది తిరగేయాలి" అంది. "చదివేవాళ్లు ఇక్కణ్నుంచి అక్కడికి వెళ్తారు. మన ఊళ్లో మొదలుపెట్టి అక్కడ ఆపాలి."

నాకు ఇష్టం లేకపోయింది. అయినా పూసలదండ తెంపి, చివరి పూస నుంచి మొదటి పూసకి మళ్లీ గుచ్చినట్టు, అన్నీ వెనకనుంచి రాశాను. పంపాం. వేసుకున్నారు. కింద నా పేరు. మా కింద ఉండే బట్టలు కుట్టే ఆవిడ దగ్గరికి ఫోను పట్టుకెళ్లి చూపిస్తే, ఆవిడ మిషను ఆపి, "ఇది నువ్వేనా? నిన్నమొన్నటిదాకా వేలిముద్ర వేసేదానివి కదే!" అని బుగ్గలు నొక్కుకుంది. అందరూ మెచ్చుకుంటూ రాశారు. కళ్లకు కట్టినట్టుందని ఒకరు, ఇంట్లో కూర్చునే వెళ్లొచ్చామని ఇంకొకరు. సముద్రం పక్కన వెళ్లే ఇంకో దారి రాయడం మొదలుపెట్టాను. ఆయన మళ్లీ బయల్దేరారు.

అప్పుడు ఎడిటరమ్మ ఫోను చేసింది. గొంతు చిన్నపిల్లలాగే ఉంది, మర్యాదగా మాట్లాడింది.

"అమ్మా, మీరు రాసిన దారిలో ఒకాయన కుటుంబంతో వెళ్లారట. ఎడమ పక్కన టీ కొట్టు అని రాశారు కదా, ఎడమ పక్కే చూసుకుంటూ వెళ్లారు. కనపడలేదు. నీళ్ల పంపు కుడి పక్కన అన్నారు, అదీ లేదు. కొండ ఎక్కేదాకా టీ లేక, ఆగే చోటు లేక, వాళ్ల అత్తగారు దారంతా ఆయన్నే తిట్టారట. తీరా తిరిగొచ్చేటప్పుడు చూస్తే అన్నీ సరిగ్గా మీరు చెప్పిన పక్కే ఉన్నాయి."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసొచ్చింది. పూసలు తిరగేసి గుచ్చాను గానీ, మనిషి అటు తిరిగితే కుడి ఎడమలు కూడా తిరుగుతాయని నాకు తట్టలేదు. వెళ్లినదాన్ని అయితే కదా తట్టడానికి! పిచ్చుకకీ తట్టలేదు. చదివి మెచ్చుకున్న అంతమందిలో నిజంగా బయల్దేరి వెళ్లినవాడు ఆయనొక్కడే.

"మీరు ఆ దారిలో చివరిసారి ఎప్పుడు వెళ్లారమ్మా?" అని అడిగింది.

"నేనెక్కడ వెళ్లానమ్మా? మా ఆయన వెళ్లేవారు. వచ్చి నాకు చెప్పేవారు."

"మీ మాటలంటే మా అందరికీ ఇష్టం" అంది. "కానీ వెళ్లినవాళ్లే రాయాలనేది మా పత్రికకి ఉన్న ఒకే ఒక్క నియమం. మీరు ఒక్కసారి వెళ్లొచ్చి సరిచేసి పంపండి, అలాగే ఉంచుతాను. లేకపోతే తీసెయ్యాలి. ఇక ముందు రాసేవి కూడా వేసుకోలేను. నాకూ బాధగానే ఉందమ్మా."

తీసేస్తారు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. సముద్రం పక్క దారిలో ఆయన సగంలో ఉన్నారు. ఈ పని పోతే ఎవరి కోసం పూర్తి చేస్తాను? రాయకపోతే ఆయన అక్కడే, ఆ ఇసుకలోనే నిలబడిపోతారు.

పిచ్చుక తేలిగ్గా తీసుకుంది. "దీనికి కంగారెందుకు? ఫోనులో మ్యాపు చూసి కుడి ఎడమలు మార్చి పడేద్దాం. వెళ్లావో లేదో వాళ్లకేం తెలుస్తుంది?"

"నువ్వు మిక్సీ రాసినట్టా?"

పిల్ల మొహం మాడిపోయింది. "ఆ మిక్సీలే ఈ గది అద్దె కడుతున్నాయి పెద్దమ్మా" అని అటు తిరిగి కూర్చుంది.

అనకుండా ఉండాల్సింది. అది చెప్పినదాంట్లో తప్పేం లేదు. అసలు సంగతి దానికి నేను చెప్పలేకపోయాను. వచ్చే దారి నాకు తెలుసు. వెళ్లే దారి గురించి ఆయన నాకు ఒక్క మాటా చెప్పలేదు. ఇంటికొచ్చిన మనిషి వచ్చిన దారే చెబుతాడు కదా. ఆయన చివరిసారి వెళ్లింది ఆ వెళ్లే దారిలోనే. దాన్ని చూడాలంటే భయం. చూడకుండా మ్యాపులో మార్చాలంటే ఇంకా భయం.

కోపం రెండు రోజులు కూడా నిలవలేదు. "నేను వెళ్తున్నా" అంటే, పిచ్చుక సంచిలో నిమ్మకాయలు, నీళ్ల సీసా, ప్లాస్టిక్ కవర్లు సర్దింది. బస్టాండుదాకా వచ్చి, డ్రైవరు దగ్గరికి వెళ్లి ఏదో చెప్పింది. ఆయన నన్ను పిలిచి ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

"మీ అమ్మాయి మీకు వాంతులవుతాయని చెప్పిందమ్మా. ముందే చెప్పండి, ఆపుతాను. నా మీద మాత్రం వద్దు" అన్నాడు.

"నాకోసం బస్సు ఆపక్కర్లేదు బాబూ. మెల్లగా నడుపు చాలు."

"మెల్లగా నడిపితే వెనకవాళ్లు నన్ను నమిలేస్తారు" అన్నాడు. అయినా మెల్లగానే నడిపాడు.

నేను దారంతా పెదాలతో మననం చేసుకుంటూ కూర్చున్నాను. అన్నం తినే చేతి వైపు ఏముంది, రెండో వైపు ఏముంది. టీ కొట్టు కనపడింది, కుడి పక్కన. నీళ్ల పంపు ఎడమ పక్కన, దాని చుట్టూ బిందెలు, మా ఆయన చెప్పినట్టే ఒకదానికి ఒకటి ఆనించి. వంతెన వచ్చింది. దాటితే సగం ఇంటికి చేరినట్టే అనేవారు కదా. ఇటువైపు దాటితే ఇల్లు సగం దూరమైపోయింది. ఆ మాట కూడా తిరగబడుతుందని అప్పుడు తెలిసింది. రోజూ ఇక్కడ ఆయనకి ఎలా ఉండేదో. వంతెన మధ్యలో కడుపులో తిప్పింది. నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకున్నాను. మళ్లీ వెంటనే తెరిచాను, ఏదీ వదులుకోకూడదని.

కొన్ని లేవు. ఇటుకబట్టీల చోట గోడలు కట్టి ఇళ్ల స్థలాలు అమ్ముతున్నారు. నడుంనొప్పి మలుపుని వెడల్పు చేశారు, ఇప్పుడు ఎవరికీ నడుం నొప్పెట్టదు. అది చూసి దుఃఖమొచ్చింది. మలుపు సుఖంగా ఉందని ఏడ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. డ్రైవరు అద్దంలో చూసి, "కవరు ఉందా అమ్మా?" అన్నాడు కంగారుగా.

టైర్ల కొట్టు మాత్రం అలాగే ఉంది, గోపురం ఇంకో వరస పెరిగింది. ఆ తర్వాత గేటు. నా దారి మొదలయ్యే గేటు. బస్సు అందులోకి వెళ్లి ఆగింది.

దిగాక ఎటు వెళ్లాలో తెలియలేదు. మధ్యాహ్నపు ఎండలో బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక పక్క పొడుగాటి రేకుల గది, తలుపు తీసి ఉంది, లోపల ఇనుప మంచాలు. బయట నీడలో ఒక ముసలాయన స్టవ్వు మీద టీ కాస్తున్నాడు. ఒక కాలు సన్నగా ఉంది, పక్కన చంకకర్ర.

"ఆడవాళ్ల గది అటు పక్కమ్మా" అన్నాడు తలెత్తకుండానే.

"ఈ గదే చూడాలి అన్నయ్యా. మా ఆయన ఇక్కడే…" అని ఆగాను. "ఆయన్ని రేడియో అనేవారు."

ఆయన స్టవ్వు ఆర్పేశాడు. కర్ర అందుకుని లేచి నిలబడ్డాడు. "వదినా" అన్నాడు. "రేడియో ఇంటావిడవా? కూర్చో వదినా, కూర్చో. ఎండలో నిలబడ్డావేంటి!"

బల్ల తుడిచి చూపించాడు. టీ పోసి ఇచ్చాడు. తను ఎదురుగా ఒక డబ్బా మీద కూర్చున్నాడు.

"నీకు తెలుసో లేదో, ఈ గేటు దాటి నేను వెళ్లింది తక్కువ. ఈ కాలుతో బస్సు మెట్లెక్కడం నా వల్ల కాదు. దారంతా నాకు వాడే చెప్పేవాడు. బస్సు దిగి, మొహం కడుక్కోకుండానే ఇక్కడ కూర్చునేవాడు. 'టీ తర్వాత, ముందు దారి విను' అనేవాడు. మీ వీధి మొగలో ఎక్కడ గుంట పడిందో కూడా నాకు తెలుసు వదినా."

నాకు ఒక్కసారిగా ఉక్రోషం వచ్చింది. ఇన్నేళ్లూ ఆ మాటలన్నీ నాకోసమే దాచి తెచ్చేవారని అనుకున్నాను. ఇక్కడ కూడా ఒకడు వింటున్నాడన్నమాట. టీ గ్లాసు కింద పెట్టేశాను.

"ఏమని చెప్పేవారు?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినపడింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. తర్వాత మా ఆయన మాటల్లోనే మొదలుపెట్టాడు. "ఆవిడ నిద్ర లేస్తుందని చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగానురా… ఎప్పుడు చెప్పినా ఇక్కణ్నుంచే మొదలు. తలుపు గడియ చప్పుడు కాకుండా తీయడం ఓ విద్య అనేవాడు. వీధి మొగలో ఒకసారి వెనక్కి తిరిగి చూసేవాడట, దీపం వెలిగిందేమో అని. వెలగలేదంటే, హమ్మయ్య, పడుకుంది అనుకునేవాడు."

నేను రోజూ మెలకువగానే ఉండేదాన్ని. ఆయన లేవగానే నాకూ తెలివొచ్చేది. కళ్లు తెరిస్తే 'పడుకోవే' అని మళ్లీ దుప్పటి కప్పి, జోకొట్టి, ఆలస్యమైపోయి, డిపోలో మాట పడతారని కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని. చెప్పులు చేత్తో పట్టుకునేవారని మాత్రం తెలీదు. చప్పుడు లేకపోతే, మెత్తటి చెప్పులేమో అనుకున్నాను.

ఆయన మొత్తం చెప్పాడు. కుడి ఎడమలు అన్నీ వెళ్లేవాడి లెక్కలో. వంతెన దగ్గర మా ఆయన ఏమనేవారో కూడా చెప్పాడు. "ఇక్కడికి సగం ఇల్లు వెనకబడిపోతుందిరా. ఇక్కణ్నుంచి వాచీ చూసుకోను, చూసుకుంటే బండి బరువెక్కుతుంది" అనేవారట. నాలో ఉక్రోషం ఎప్పుడు పోయిందో తెలియదు. నా దగ్గర లేని సగం ఈయన దగ్గర ఉంది. ఈయన దగ్గర లేని సగం నా దగ్గర ఉంది.

"ఆ రోజు?" అని అడిగాను. "ఆ రోజేం చెప్పారు?"

ఆయన కర్ర ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఆ రోజు చెప్పలేదు వదినా. టీ కూడా వద్దన్నాడు. 'కాస్త నడుం వాల్చి లేస్తాను, లేచాక చెబుతా' అన్నాడు. నేను సరేలే అన్నాను. ఇంకో రెండు మాటలు అడిగి కూర్చోబెట్టి ఉంటే బాగుండేదేమో. అడగలేదు."

ఒక బస్సు వెనక్కి వచ్చి తిరిగింది. కుర్ర డ్రైవరొకడు చెవుల్లో ఏవో పెట్టుకుని, టీ తీసుకుని, ఫోను చూసుకుంటూ లోపలికి వెళ్లి పడుకున్నాడు.

"ఇప్పుడెవరూ చెప్పరు" అన్నాడు ముసలాయన. "అడిగితే, 'దారిలో ఏముంది తాతా, రోడ్డు' అంటారు." తర్వాత మొహమాటంగా అడిగాడు. "నువ్వు ముందు సీట్లో కూర్చుని వచ్చావా వదినా? ఇవాళ దారి ఎలా ఉంది?"

చెప్పడానికి ముందు ఆ గది గుమ్మం దాకా వెళ్లాను. ఏ మంచమో అడగలేదు. వెనక్కి వచ్చి కూర్చున్నాను.

మా గది తలుపు దగ్గర మొదలుపెట్టాను. గడియ చప్పుడైందని చెప్పాను, నాకు ఆ విద్య రాదు. పిల్ల సర్దిన నిమ్మకాయలు, డ్రైవరు ఎగతాళి, కుడి పక్కకి వచ్చి కూర్చున్న టీ కొట్టు, బిందెలు, వంతెన మధ్యలో కడుపులో తిప్పడం, అన్నీ చెప్పాను. కొన్నిచోట్ల మా ఆయన మాటలు వచ్చాయి. ఇటుకబట్టీలు పోయి గోడలు లేచినచోట, మలుపు వెడల్పయినచోట ఆయన మాటలు లేవు. అక్కడ నా మాటలే వెతుక్కున్నాను. "మలుపు తీసేశారా!" అని ముసలాయన నిటారుగా కూర్చున్నాడు. "తీసెయ్యలేదు అన్నయ్యా, చక్కబరిచారు" అన్నాను. "అదీ ఇదీ ఒకటే" అన్నాడు. తిరుగు బస్సు హారను కొట్టింది. వెళ్లనిచ్చాను, తర్వాతది ఉంది. నా దారి ఇంకా టైర్ల కొట్టు దగ్గరే ఉంది, ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు. నేను ఇంకా గేటు దాటాలి, ఆ రేకుల గది నీడలోకి రావాలి.

వచ్చాను. అక్కడిదాకా చెప్పాను.

అదే రాసి పంపాను, ఎడిటరమ్మ అదే ఉంచింది. సముద్రం పక్క దారి ఇంకా సగంలోనే ఉంది. ఆ దారిన కూడా ముందు వెళ్లి చూసొస్తాను.

రాసినది: నలుగురూ పెద్దమ్మ అని పిలిచే మనిషి. నాకు అరవై మూడేళ్లు. బట్టలు కుట్టే దుకాణం పైన, రెండో మెట్ల వరస ఎక్కితే కుడి పక్క గదిలో ఉంటున్నాను. మీరు దిగి వస్తుంటే మాత్రం ఎడమ పక్క.